మా అక్క చదవని మూడో భాగం

మొదటి అధ్యాయం పూర్తి కాకుండానే కథానాయికను చంపేశాడు రచయిత. అదీ ఒక్క వాక్యంలో. ఆ ఏడు వానాకాలంలో వచ్చిన విషజ్వరంతో ఆమె కన్నుమూసిందని రాసి, పేరా మార్చి, సముద్రం మీద మబ్బుల వర్ణనలోకి వెళ్ళిపోయాడు మహానుభావుడు. ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ వాక్యం మళ్ళీ చదివాను. మధ్యలో ఏదైనా కాగితం ఊడిపోయిందేమోనని ముందు పేజీ, వెనక పేజీ తిరగేశాను. ఏమీ ఊడిపోలేదు. చచ్చిపోయింది, అంతే.

అప్పటికి మాదాపూర్ అంతా దుమ్ము. గుండ్రటి పెద్ద భవనం ఒకటి అద్దాలతో లేచి నిలబడింది గాని, దాని చుట్టూ ఇంకా బండలే. రోజూ ఎక్కడో ఒకచోట బండ పేల్చేవారు. పేల్చే ముందు ఎర్రజెండా పట్టుకుని ఒకతను రోడ్డుకు అడ్డంగా నిలబడేవాడు. బస్సు ఆగేది. ఢామ్మని చప్పుడయ్యాక, దుమ్ము కాస్త తగ్గాక, మళ్ళీ కదిలేది. లింగంపల్లి నుంచి వచ్చే మా అందరికీ అది అలవాటైపోయింది. కొందరు కునుకు తీసేవారు, నేను చదువుకునేదాన్ని. ఆ రోజు జెండా మనిషి బస్సును ఆపినప్పుడే ఈ చావు వార్త తెలిసింది నాకు. పక్క సీటులో అమ్మాయి నా మొహం చూసి, "ఏంది అక్కా, ఏమైంది? పానం మంచిగ లేదా?" అని అడిగింది. కథలో మనిషి పోయిందని చెబితే నవ్వుతుందని తల అడ్డంగా ఊపాను.

చెప్పుకునే మనిషి ఉండి ఉంటే, ఆ సాయంత్రమే గోపన్‌పల్లి వెళ్ళి, చెప్పులు కూడా విప్పకుండా "చూశావా వాడేం చేశాడో" అని మొదలుపెట్టేదాన్ని. ఆ మనిషి మా అక్క. ఆమె పోయి అప్పటికి ఏడాది దాటింది.

ఆ నవలల పిచ్చి నాకు అక్క నుంచే అంటుకుంది. రెడ్డిరాజుల కాలం, మోటుపల్లి రేవు. సుంకం వసూలు చేసే అధికారి కూతురు కథానాయిక. ఓడల మీద గుర్రాలు తెచ్చి అమ్మే వర్తకుడు కథానాయకుడు. వాళ్ళిద్దరి మధ్య కోటలు, కుట్రలు, ఒక దొంగ సన్యాసి, కావలసినంత వెన్నెల. అందులో చరిత్ర ఎంతో కల్పన ఎంతో మాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. మా పుట్టింటి ఊరు ఆ తీరానికి దగ్గరే కాబట్టి, ఆ ఉప్పుగాలి మా సొంతమన్నట్టు చదివేవాళ్ళం.

పుస్తకం కోఠికి రాగానే కొని తెచ్చేది మా బావగారు. ఆయన గోపన్‌పల్లి పక్కనున్న విశ్వవిద్యాలయంలో గుమాస్తా. అక్కా ఆయనా ఆ ఊళ్ళోనే ఒక ఇంట్లో వెనక వాటా కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. పిల్లలు లేరు. బావగారు నవల అన్నది ముట్టుకుని ఎరగరు. "అబద్ధమని తెలిసి కూడా అంత ఏడుపు దేనికే?" అని అక్కను ఆటపట్టించేవారు. "నిజాలకు ఏడవడానికి ఎవడైనా ఏడుస్తాడు" అనేది అక్క.

ఉన్నది ఒక్క పుస్తకం, చదివేవాళ్ళం ఇద్దరం. ఓపిక ఇద్దరికీ లేదు. అందుకని అక్క కొత్త పుస్తకాన్ని నేల మీద పెట్టి, సరిగ్గా మధ్యలో కుట్టు కనిపించే చోట తెరిచి, బ్లేడుతో రెండుగా కోసేసేది. చిన్నప్పుడు మేము వారపత్రిక కోసం జుట్టూ జుట్టూ పట్టుకుంటే మా అమ్మ కనిపెట్టిన పద్ధతి అది. మొదటి సగం అక్క చదివి, ఆదివారం నేను వెళ్ళినప్పుడు నా చేతిలో పెట్టి, తను రెండో సగం మొదలుపెట్టేది. ఒక సగానికి ముందు అట్ట, ఇంకో సగానికి వెనక అట్ట. కొత్త పుస్తకాన్ని అలా కోస్తుంటే బావగారు చూడలేక వీధిలోకి వెళ్ళిపోయేవారు.

ముందు చదివినవాళ్ళు కథ చెప్పకూడదని నియమం పెట్టుకున్నాం. నోరు మూసుకుని ఉండడం మా అక్కకు చేతనయ్యే పని కాదు. అందుకని పెన్సిలు పట్టుకుంది. పేజీల అంచుల్లో నాకోసం రాసేది. "వీణ్ణి నమ్మకు." "రెండు పేజీలు తోట వర్ణన, దాటెయ్." "ఇది అన్నం తిన్నాక చదువు, ముందు వద్దు." తనకు ఏడుపొచ్చిన చోట "ఇక్కడ ఏడ్చాను" అని రాసేది. నాకూ అక్కడ ఏడుపొస్తే దాని కింద "నేనూ" అని రాసి తిరిగి ఇవ్వాలి. రాకపోతే ఖాళీగా వదిలెయ్యాలి, మొహమాటం కుదరదు. నేను ఖాళీగా వదిలిన చోట్లు చూసుకుని నిలదీసేది. "తండ్రి గడప దాటి వచ్చేసినప్పుడు కూడా ఏడవలేదంటే నువ్వసలు మనిషివేనా?"

రెండో భాగం చివర కథానాయిక రేవు గట్టున నిలబడి ఉంటుంది. వర్తకుడు వెళ్ళి ఏళ్ళు గడిచాయి. దూరంగా ఒక తెరచాప కనబడుతుంది. ఓడలో ఉన్నది అతనా, అతని శత్రువా? అక్కడితో ఆపేసి, మూడో భాగం త్వరలో అని వేశారు. ఆ పేజీ అంచున అక్క ఏకంగా నాలుగు వాక్యాలు రాసింది. ఓడలో అతను ఉండడట. ఖాళీ ఓడ వస్తుందట. మిగతా ఆడవాళ్ళలా గట్టున కూర్చుని ఏడవకుండా ఈమె ఆ ఓడ ఎక్కి తనే వెతుక్కుంటూ వెళుతుందట. "రాసి పెట్టుకో, ఈసారి సముద్రం దాటేది ఈమే" అని.

త్వరలో అన్నది రాలేదు. ఆ రచయితకు ఏం తీరిక లేకపోయిందో తెలియదు గాని, మాకు ఆదివారాలన్నీ జోస్యాలతోనే గడిచాయి. ఈలోగా నాకు మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పిన రోగుల వివరాలు విని టైపు చెయ్యడం. చెవులకు హెడ్‌ఫోన్లు, కాలి కింద పెడల్. కాలు నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, తీస్తే ఆగుతాడు. చేరిన కొత్తలో ఆ రోగాల పేర్లు విని హడలిపోయేదాన్ని. తర్వాత అవి ఉత్త అక్షరాలైపోయాయి, స్పెల్లింగు తప్పు పోకపోతే చాలు. అలాంటి ఒక పేరును ఒక రోజు దవాఖానలో డాక్టరు అక్క కాగితాల మీద చూపించి చెప్పాడు. నేను రోజూ టైపు చేసే మాట. ఆ మాట తర్వాత టేపుల్లో ఏం చెబుతారో నాకు కంఠతా వచ్చు. బావగారు నా వైపు చూసి, "ఏమంటున్నారమ్మా, మందులతో తగ్గుతుందంటనా?" అని అడిగారు. తగ్గుతుందన్నాను.

మంచం పట్టాక అక్క ప్రతివారం ఒకటే అడిగేది. "మూడోది వచ్చిందా?" బావగారు పని మానుకుని కోఠి వెళ్ళి, దుకాణాలన్నీ తిరిగి, ఒట్టి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడేవారు, పుస్తకం రాయనిది తనే అయినట్టు. చివరిరోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "ఓడలో ఎవరున్నారో తెలియకుండానే పోతానేమోనే" అంది. నోరు ముయ్యమని కసిరాను. ఇద్దరం నవ్వాం. ఆ వానాకాలంలోనే పోయింది.

దసరా వెళ్ళాక మూడో భాగం వచ్చింది. దుకాణం బయట వేలాడదీసిన కొత్త పుస్తకాల్లో అట్ట చూశాను. నీలం రంగు సముద్రం. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. కొనడానికి చెయ్యి రాలేదు. ఎవరు కోస్తారు, మొదటి సగం ఎవరు చదువుతారు? బావగారికి కూడా చెప్పలేదు.

ఆయన నాకంటే ముందే కొన్నారని సంవత్సరీకం రోజున తెలిసింది. భోజనాలయ్యాక, వచ్చిన నలుగురూ వెళ్ళిపోయాక, బావగారు లోపలికి వెళ్ళి కాగితంలో చుట్టిన బరువైన వస్తువు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. "ఈ రోజు నీకు చీర పెట్టాలటమ్మా. నువ్వు ఇదే కావాలంటావని..." అని ఆపేశారు. విప్పితే ఎర్ర రెక్సిన్ అట్టతో ఒక లావాటి పుస్తకం. మూడు భాగాలూ కలిపి ఒకటిగా కుట్టించారు. మేము కోసిన సగాలన్నీ వరసగా, ముక్కలన్న గుర్తు లేకుండా, మళ్ళీ అతుక్కుని ఉన్నాయి. పుస్తకం వెన్ను మీద అక్క పేరు బంగారు రంగు అక్షరాల్లో.

నా కళ్ళు ముందు అంచుల మీదికి పోయాయి. అంచులు లేవు. బైండింగ్ చేసేవాళ్ళు కుట్టు పూర్తయ్యాక మూడు వైపులా సమంగా ఉండాలని మరమీద పెట్టి కోస్తారు. పాత పుస్తకాలైతే ఇంకాస్త లోపలికి కోస్తారు, నలిగిన చివర్లన్నీ పోయి నీటుగా వస్తుందని. పేజీలన్నీ తెల్లగా, నున్నగా, కొత్తవిలా ఉన్నాయి. "వీణ్ణి నమ్మకు" లేదు. "అన్నం తిన్నాక చదువు" లేదు. రెండో భాగం చివరి పేజీలో నాలుగు వాక్యాలకు గాను అక్షరాల తలకట్లు కొన్ని మిగిలాయి, ఏ మాటవో పోల్చలేం. "ఇక్కడ ఏడ్చాను" ఎక్కడా లేదు, దాని కింద నేను రాసినదీ లేదు.

ఈ ఏడాదంతా ఆ పుస్తకాలు గోపన్‌పల్లిలో అక్క బీరువాలో ఉన్నాయనీ, ఎప్పుడైనా వెళ్ళి ఆ రాతలు చదువుకోవచ్చనీ ధైర్యంగా ఉన్నాను. అక్క గొంతు ఇంకెక్కడా మిగలలేదు నాకు. ఫోటోలు మాట్లాడవు. బావగారు నా మొహంలోకే చూస్తున్నారు. "చాలా బాగా కుట్టించారండీ బావగారూ" అన్నాను. మా ఆయన వెనక కూర్చోబెట్టుకుని స్కూటరు నడుపుతుంటే లింగంపల్లి వచ్చేదాకా ఆ పుస్తకాన్ని ఒళ్ళో పట్టుకుని ఏడ్చాను. గాలికి కళ్ళల్లో దుమ్ము పడిందని ఇంటిదగ్గర చెప్పాను.

ఇక మిగిలింది మూడో భాగం ఒక్కటే. అక్క తెలుసుకోవాలనుకున్నది అందులో ఉంది కాబట్టి, నేనైనా తెలుసుకోవాలి. బస్సులో మొదలుపెట్టాను. ఓడలో వచ్చినవాడు అతనే. పెళ్ళి రెండు పేజీల్లో అయిపోయింది. ఆ వెంటనే విషజ్వరం. ఓడ ఎక్కలేదు, సముద్రం దాటలేదు, తండ్రిని ఎదిరించి గుర్రం మీద అడవులు దాటిన పిల్ల ఒక్క మాటైనా మాట్లాడకుండా పోయింది. పెన్సిలు తీసి అంచున "దుర్మార్గుడు" అని రాయబోయాను. కోసేసిన అంచులో ఆ మాట పట్టలేదు, సగంలో ఆగిపోయింది.

మిగతా పుస్తకమంతా ఆ వర్తకుడి సోది. గుర్రాల వ్యాపారం మానేసి రేవు దగ్గర సత్రం నడుపుతాడు. బావిలో నీళ్ళు తోడతాడు. ఉప్పు కొంటాడు. ఇంటి కప్పు తాటాకులు మారుస్తాడు. కుట్ర లేదు, కోట లేదు, దొంగ సన్యాసి కూడా బుద్ధి తెచ్చుకుని వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఒకచోట భోజనానికి రెండు విస్తళ్ళు వేసి, కాసేపు చూసి, ఒకటి తీసి గూట్లో పెడతాడు. విస్తరి మిగిలితే నాకేం, చిరిగితే నాకేం అనుకుని పేజీ తిప్పేశాను. ఒక వానాకాలం గడిచిపోతుంది, ఇంకో వానాకాలం వస్తుంది, పుస్తకం అయిపోతుంది. ఇందుకా మా అక్క అన్నాళ్ళు ఎదురుచూసింది? ఇలాంటిదాని కోసమా బావగారు కోఠి అంతా తిరిగింది? రచయిత ఎదురుపడితే కడిగేసేదాన్ని.

ఆ ఆదివారమే గోపన్‌పల్లి వెళ్ళాను. పుస్తకం అక్క బీరువాలోనే ఉంచితే మంచిదనిపించింది, మా ఇంట్లో దాన్ని చూస్తూ ఉండలేకపోతున్నాను. గేటు దగ్గర ఇంటి ఓనరమ్మ బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది.

"మీ బావ ఇంట్లనే ఉన్నడు బిడ్డా. జర మాట్లాడి పో. ఎండకాలమంత పొద్దుగూకులు ఏదో బుక్కు పట్టుకొని కూసునేటోడు. ఇగ ఇప్పుడు గది గూడ లేదు, గోడ దిక్కు జూసుకుంట కూసుంటుండు. నాకే పరేషాన్ అయితుంది."

బుక్కు పట్టుకుని కూర్చునేది మా బావగారా? ఇంకెవరి గురించో చెబుతోందేమో అనుకున్నాను.

బావగారు వంటింట్లో ఉన్నారు. గట్టు మీద స్టీలు గ్లాసులు రెండు, రెండింట్లోనూ కాఫీ పోసి ఉంది. నేను వస్తున్నట్టు కిటికీలోంచి చూశారేమో అనుకుని అడిగాను.

"లేదమ్మా. ఒక్కడికి పెట్టడం నాకింకా చేతకావడం లేదు. ఎంత తక్కువ వేసినా ఇద్దరిదే అవుతుంది" అని, ఒక గ్లాసు నాకు అందించి, నా సంచిలోని ఎర్ర అట్ట చూశారు. "చదివావా?"

"చదివానండీ." తిట్ల దండకం నాలుక చివరే ఉంది. ఆయన నన్ను ఇంకో మాట మాట్లాడనివ్వలేదు.

"బైండింగ్ ఆయన అంచులు కోసేస్తాడని నాకు తెలియదమ్మా." గ్లాసు వంకే చూస్తూ అన్నారు. "తెలిస్తే ఇచ్చేవాణ్ణేనా? అవి చదువుకోవాలనే కదా అసలు బయటికి తీసింది. ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, పాడైపోతాయి, ఒకటిగా కుట్టిస్తే నీకూ నాకూ పనికొస్తాయని ఇచ్చాను. తెచ్చుకుని తెరిచేసరికి ఒక్క ముక్క లేదు. మర్నాడే ఆయన దగ్గరికి పరిగెత్తాను. కోసిన కాగితాలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయన్నాడు. ఆయన తప్పేముంది? చెప్పనిది నేను."

నేను దాచానని అనుకున్నది ఆయన ముందే మోస్తున్నారు. అన్ని నెలలుగా, ఒక్కరే.

"ఆవిడ రాసినవి పోయాయి కదా, అచ్చులో ఉన్నదైనా చదువుదామని మొదలుపెట్టాను. దేనికి ఏడ్చేదో తెలుస్తుందేమోనని. మొదటి రెండూ నాకు అంతగా ఎక్కలేదమ్మా, ఆ గుర్రాలూ కత్తులూ. మూడోది మాత్రం..." నా మొహంలోకి చూసి అడిగారు. "మూడోదానికి మీ అక్క ఏమనేదంటావు?"

అబద్ధం చెప్పవచ్చు. మెచ్చుకునేదనవచ్చు. ఆ ఇంట్లో, ఆ వంటింట్లో, అక్క గురించి అబద్ధం నోటికి రాలేదు.

"గోడకేసి కొట్టేదండీ బావగారూ."

ఆయన పకపకా నవ్వారు. అక్క పోయాక ఆయన నవ్వగా నేను వినడం అదే మొదలు. "కొట్టేది. నిజమే, కొట్టేది. నా మీదికి కూడా విసిరేది, ఇలాంటిది ఎందుకు తెచ్చావని" అంటూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. తుడుచుకున్న కొద్దీ ఊరుతున్నాయి. "నేను మాత్రం, ఆ విస్తళ్ళ దగ్గర... రెండు వేసి ఒకటి తీస్తాడు చూడు. అక్కడ ఏడ్చానమ్మా."

బస్సులో ఆ పేజీ తిప్పేసినప్పుడు నాకు ఒక్క చుక్క రాలేదు. ఇప్పుడు చేతిలో గ్లాసు కనిపించడం లేదు. అది నా కోసం కలిపిన కాఫీ కాదు.

"నేనూ" అన్నాను.